సుషీ కోసం తపస్సుకాలపు శుక్రవారం

సర్వేశ్వరునికి స్తోత్రం. వాన వచ్చినా ఎగ్గొట్టినా మా కంచంలో అన్నం తప్పకుండా చూసిన తండ్రికి మహిమ.

మా చెల్లెలు రోజీ నరసరావుపేటలో నర్సు. జపాన్‌లో ముసలివాళ్ళను చూసుకునే ఉద్యోగానికి ఎంపికైంది. భాష పరీక్ష గట్టెక్కింది గాని తిండి దగ్గర ఆగిపోయింది. నర్సింగులో చేరిన ఏడాది హాస్టలు కూడు పడక ఓసారి ఇంటికొచ్చేసిన పిల్ల. వెళ్ళేదీ లేనిదీ సోమవారం చెప్పాలి.

"ఒక్కసారి వాళ్ళ తిండి తిని చూస్తానక్కా. దిగకపోతే పోను" అంది.

దానికి శుక్రవారం సెలవు, ముందు రాత్రే ఇంటికొచ్చింది. ఈస్టరుకు ముందొచ్చే తపస్సుకాలంలో శుక్రవారం మేం మాంసం ముట్టం. వాళ్ళ సుషీ అంటే అన్నం ముద్ద మీద పచ్చి చేప అట. చేపకు అడ్డు లేదు గనుక సరేనన్నాను.

ఉదయం ఆరింటికి మా ఊరు రెంటచింతలలో బస్సెక్కాం. మాచర్ల దాకా ఆడవాళ్ళకు ఆధార్ చూపిస్తే చాలు. అక్కడ హైదరాబాదు బస్సుకు టికెట్టు కొనాలి. పక్కసీటు పెద్దమ్మ మా పని అడిగి తెలుసుకుంది.

"చేపల కోసం పట్నం పోతన్నారా? సాగర్లో చచ్చినయ్యా?"

"అక్కడ పచ్చియి పెడతారంట పెద్దమ్మా" అంది రోజీ.

"మా పిల్లి గూడా అట్టనే తింటది. పోయి సూడు మరి."

రోజీ నవ్వలేదు. సాగర్ దాటేదాకా కిటికీ వైపే చూసింది.

మధ్యాహ్నానికి హైదరాబాదులో జపాను హోటలు చేరాం. పూజ మొదలయ్యే ముందు గుడిలా నిశ్శబ్దంగా ఉంది. పేర్లు తెలియక, ఎక్కువమంది తినే సుషీ తెమ్మన్నాను. నల్లటి పలక మీద చిన్న చిన్న ముద్దలు పేర్చి తెచ్చారు. సిలువ గుర్తు వేసుకుని, ఆ చేపలు పట్టినవాళ్ళను కూడా దీవించమని జపించాను. రోజీ కళ్ళు మూసుకుని ఒకటి నోట్లో పెట్టుకుంది. వెంటనే టిష్యూలోకి తీసేసింది.

"పడలేదా?"

"చికెనక్కా ఇది. మన సెంటర్లో బండి మీద పకోడీ లేదూ, అదే."

వడ్డించే అతన్ని పిలిచాను. "ఇక్కడ పచ్చి చేప అడిగేవాళ్ళు తక్కువండీ. ఇవాళ అసలు రాలేదు" అన్నాడు. మేం మాంసం తినని రోజని చెబితే నొచ్చుకుని, అన్నానికి సముద్రపు నాచు ఆకు చుట్టి రెండు ఉట్టి ముద్దలు తెచ్చిపెట్టాడు. చల్లగా, కాస్త పుల్లగా, కాస్త తియ్యగా ఉన్నాయి. నాకు సగానికి మించి గొంతు దిగలేదు. ఇంత దూరం తెచ్చి చూపించింది ఇదా ప్రభువా అని లోపల అడిగాను. రోజీ తన ముద్దా, నేను వదిలిన సగమూ తినేసింది.

తిరుగు బస్సు మాల్ అనే ఊరు దాటేసరికి చీకటి పడింది. నేను జపమాల సగంలో ఉండగా రోజీ చేయి పట్టుకుంది.

"చేప సంగతి తేల్లేదు గదక్కా."

"తేల్లేదే."

"అన్నం మాత్రం దిగింది. సోమవారం వస్తానని చెప్తా."

ఈ పని మీదే వెళ్ళేవాళ్ళుంటే, చేప ఉందో లేదో ముందే ఫోన్ చేసి అడగండి. ఆ హోటలు మాకు జపాను తిండి చూపించలేకపోయింది. ఆ చల్లటి ముద్దను దింపిన దేవుడు జపానులోనూ మా చెల్లెలి పక్కన కూర్చుంటాడని నమ్ముతున్నాను. ఈ రాత్రి అన్నం ముందు కూర్చున్నప్పుడు మీరూ నాతోపాటు ఒక్క మాట జపించండి: మా రోజీకి అక్కడి చేప కూడా గొంతు దిగాలని.