పెళ్ళిబట్టల మూటతో ఎల్లారెడ్డి దాకా

పెళ్ళినాడు పొద్దున గూడ నేను నడక మానలేదు. ఫజర్ నమాజు చేసి, బుర్ఖా వేసుకొని, కామారెడ్డి రైల్వే గేటు దాకా పోయి వచ్చిన. ఆ తర్వాతనే ప్రయాణానికి మూట కట్టిన.

పెళ్ళి ఎల్లారెడ్డిల, మా ఖైరున్నిసా ఆపా బిడ్డది. ఆపా అంటే నా సొంత అక్క. పిల్ల నిఖాకు వేసుకునే ఎర్ర బట్టల జోడా నేనే కుట్టిన. గోటా జరీ అంచు పని తెగక మా ఇంటాయన్ను, పిల్లలను ముందురోజే పంపి, నేనొక్కదాన్నే వెనుక ఉన్న. పగటి జొహర్ నమాజు అయినంక నిఖా. అప్పటికి జోడా చేరాలె.

ఇది ఎనభైల నాటి మాట. కామారెడ్డిల నేను మిషిన్ కుట్టేదాన్ని, పొద్దంతా కూర్చునుడే. పెళ్ళికి ఏడాది ముందు ఒకనాడు కండ్లు తిరిగి పడితే డాక్టరు చూసి షుగర్ అన్నడు. "గోలీలు ఇస్త గని గోలీలే అన్నీ చెయ్యవమ్మా. రోజూ నడువు," అన్నడు. ఇదే బీమారీతోని మా అమ్మకు కాలు తీసేసిండ్రు. ఆఖరుకు మంచంలనే పోయింది. నేను గట్ల మంచంల పడొద్దని ఆనాడే గట్టిగ అనుకున్న.

అనుకున్నంత అల్కగ కాలేదు. "ఆడమనిషి పొద్దుగాల రోడ్ల మీద తిరుగుడేంది?" అని మా అత్త మూతి ముడిచింది. వానలు పడ్డయి, పిల్లగానికి జరం వచ్చింది, పండుగ ముందు కుట్టుపని మీద పడ్డది. రంజాన్‌ల తెల్లారకముందే సహరీ తిని నడిచిన. వాన కొడితే స్టేషన్ రేకుల కిందనే అటిటు తిరిగిన. ఒక్కోనాడు తప్పిపోయేది. తప్పిన తెల్లారి మాత్రం ఇంకింత ముందుగాల లేచేదాన్ని.

ఎనిమిది గంటల బస్సు దొరికింది. ఈ దారిన పొద్దుటి పూట పోయేటోళ్ళు కుడిపక్క కిటికీ చూసుకోండి, ఎడమపక్క ఎండ మొకం మీద కొడ్తది. ఊరు దాటినంక అటూ ఇటూ వరికోతలు. నా పక్క సీటుల తెల్లజుట్టు అవ్వ ఒకామె కూర్చుంది. నాగిరెడ్డిపేటామె, పొలం కోతకు వచ్చిందని ఇంటికి మర్రిపోతున్నది.

లింగంపేటల బస్సు చాయ్‌కి ఆగింది. నేను చక్కెర లేని చాయ్ అడిగితే హోటలాయన నన్ను ఎగాదిగా చూసి, "గట్ల ఎట్ల తాగుతరమ్మా?" అన్నడు.

"మొదట వారం కష్టం, తర్వాత అలవాటైతది," అన్న. ఇంట్ల కట్టుకొచ్చిన జొన్నరొట్టె సగం తిని, సీసాల నీళ్ళు నింపుకున్న. మీరూ అక్కడనే నింపుకోండి, ముందట అడవి దారి.

ఆ అడవి దారిలనే బస్సు పెద్ద చప్పుడు చేసి నిలబడ్డది. డ్రైవరు కిందికి దూరి చూసి, చేతులు తుడుచుకుంట లేచిండు. "ఇది కదలదు. వెనుక బస్సు వస్తే ఎక్కిస్తం," అన్నడు కండక్టరు. అది ఎప్పుడొస్తదో ఆయనకూ తెల్వదు. పది దాటింది. ఎల్లారెడ్డి ఇంకా రెండు కోసులు, అంటే ఆరేడు కిలోమీటర్లు.

మూట ఒళ్ళ పెట్టుకొని రోడ్డు దిక్కు చూసిన. ఏడాది కింద అయితే స్టేషన్ మెట్లు ఎక్కినా గుండె దడదడ కొట్టుకునేది. కూర్చుని ఏడ్చేదాన్నేమో.

"నేను నడుస్త," అన్న పైకే.

"పా బిడ్డా, నేనూ వస్త," అని అవ్వ కొంగు బిగించింది.

మూట నెత్తిన పెట్టుకొని నడిచినం. మొదట్ల ముచ్చట పెట్టుకుంట పోయినం. ఎండ ఎక్కేకొద్దీ మాటలు తగ్గినయి. ఒక ఎత్తు చడావు కాడ అవ్వకు ఆయాసం వస్తే చెట్టునీడల కూర్చోబెట్టి నీళ్ళు తాగించిన. కొంచెం రొట్టె నేనూ తిన్న. షుగర్ ఉన్నోళ్ళు ఖాళీ కడుపుతోని ఇట్లాంటి సాహసం చెయ్యొద్దు.

అవ్వ నన్ను చూసి, "కూసుండి కుట్టేదానివి, గిట్ల నడుస్తవేంది బిడ్డా?" అన్నది.

"రోజూ నడుస్త అవ్వా. ఎందుకు నడుస్తున్ననో ఇయ్యాల మంచిగ తెలుస్తున్నది," అన్న.

ఎల్లారెడ్డిల అవ్వ బస్టాండు దిక్కు మళ్ళింది. నేను ఆపా ఇంట్ల అడుగుపెట్టేసరికి జొహర్ అజాన్ అయితున్నది. ఆపా వాకిట్ల నిలబడి ఏడుస్తున్నది. మూట చూసి నన్ను గట్టిగ పట్టుకుంది. "నడిచొచ్చినవా? నీకేమన్న అయితే?" అన్నది. ఏమీ కాలేదు. కాళ్ళు గుంజినయి, అంతే. పిల్లకు జోడా అతికినట్టు సరిపోయింది. నిఖా టైముకే అయింది.

దావత్‌ల బగారన్నం కొంచెం, కూర ఇంత పెట్టించుకున్న. డబల్ కా మీఠా ప్లేటు నా దిక్కు జరిగితే పక్కామెకు జరిపిన. నోరూరలేదంటే అబద్ధం.

ఆపాకు గూడ షుగరే. భర్త గల్ఫ్‌ల ఉంటడు, బిడ్డ పెళ్ళికి గూడ సెలవు దొరకలేదు, ఇల్లంత ఆమెనే చూసుకోవాలె. మందులు తెచ్చుకుంటది గని తానుండే గల్లీ దాటి అడుగు వెయ్యదు. తెల్లారి ఫజర్ అయినంక లేపిన. "ఇల్లంత చుట్టాలుంటే నడకేంది?" అని కసురుకుంది. నేను ఆమె చెయ్యి వదలలేదు. ఊరి చివర కల్వర్టు దాకా పోయేసరికి ఆపా ఆయాసపడి కూర్చుంది. కొద్దిసేపటికి కండ్లు తుడుచుకుంది.

"పిల్ల అత్తగారింటికి పోయింది. ఆయన రెండేండ్లకోసారి వస్తడు. ఎవరికోసం నడువాలె నేను?"

ఆమె పక్కన కూర్చున్న. "అమ్మకు చివరి రోజుల్ల నీళ్ళు గూడ నువ్వే తాపినవు ఆపా," అన్న. "గట్ల ఇంకొకరు నాకు తాపాల్సిన రోజు రావద్దని నడుస్త. నీకు గూడ రావద్దు. నీకోసమే నడువు."

ఆమె లేచి, ఇంటి దాకా నాకంటె ముందు నడిచింది.

ఆ పగటి బస్సుకు అందరం బయలుదేరినం. సామాన్లకు రిక్షా పిలిస్తే అందులో మూటలు పెట్టించి, ఆపా మాతోపాటు బస్టాండు దాకా నడిచే వచ్చింది. బస్సు కదిలేముందు కిటికీ పట్టుకొని, "రేపటినుంచి నాకు తోడెవరు వస్తరే?" అన్నది.

"ఎవ్వరు రాకున్నా పో," అన్న.

బస్సు లింగంపేట దాటినంక పిల్లలు నిద్రపోయిండ్రు. ఇంటాయన బుజం మీద తల పెట్టుకొని నేనూ కండ్లు మూసిన. ఒళ్ళంత నొప్పులు, ఇంటికాడ కుట్టాల్సిన బట్టల కుప్ప, మా అత్త సణుగుడు. ఇవేవీ తగ్గవు. పని తీరినంక నడుస్త అనుకుంటే ఈ జన్మల తీరదు. ఆపా ఒక్కతే ఆ కల్వర్టు దాకా పోతదో పోదో నేను చెప్పలేను. నేను మాత్రం తెల్లారి లేస్త.