పొలిమేర దగ్గర మా అన్న

మా ఊరిని టౌనులో కలిపేశారన్న మాట వింటే ఇప్పటికీ నాకు కడుపు మండుతుంది. కలపడమేమిటి, మజ్జిగలో నీళ్లా? కడప జిల్లాలో ఒక మెట్టపల్లె మాది. టౌనుకూ మాకూ మధ్య వేరుశనగ చేలు, వానొస్తే పారే ఒక వంక, ఆ వంక మీద చిన్న కల్వర్టు ఉండేవి. ఆ కల్వర్టే మా పొలిమేర. ఒకరోజు పంచాయతీ ఆఫీసు బోర్డు మీద తెల్లరంగు కొట్టి, ఊరి పేరున్న చోట వార్డు నంబరు రాశారు. అంతే, పని అయిపోయింది.

ఊళ్లో సగంమంది సంబరపడ్డారు. సెంటు రేటు పెరుగుతుందన్నారు. నిజమే, పెరిగింది. చేలల్లో వేరుశనగ పోయి ప్లాట్ల రాళ్లు మొలిచాయి. ఉపాధి హామీ కింద దొరికే కరువు పనులు ఆగిపోయాయి, టౌను వాళ్లకు ఆ పనులుండవట. కొళాయి వస్తుందన్నారు. గొట్టం వచ్చింది, నీళ్లు రాలేదు. పేరు గొప్ప, ఊరు దిబ్బ అని మా అవ్వ ఊరికే అనేది కాదు.

మా అన్న మాత్రం ఒప్పుకోలేదు. చాలాకాలం ఊరికి పెద్దమనిషిగా ఉన్నవాడు, తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లనే రకం. మా చిన్నాయనను వెంటేసుకుని కలెక్టరాఫీసు ముందు ఎండలో కూర్చున్నాడు. పెళ్లిపత్రికలో ఊరి పేరు వేయకపోతే ఆ పెళ్లికే పోయేవాడు కాదు. బస్సులో కండక్టరు "ఇదీ టౌనేలే పెద్దాయనా" అన్నాడని, అక్కడే దిగి ఎండలో నడిచొచ్చాడొకసారి. నాకు నవ్వూ వచ్చేది, కోపమూ వచ్చేది.

"ఊరు యాడికీ పోలేదు గదన్నా, ఈడే ఉండాది గదా" అన్నాను.

"పేరు పోయినాక ఉంటే ఏంది, ల్యాకపోతే ఏందిమే. నేనున్నన్నాళ్లూ ఊరు లేదనే మాట నా ముందర ఎవురూ అనగూడదు" అన్నాడు. ఎవరూ అనలేదు కూడా.

మా ఊళ్లో ఒక కట్టుబాటు ఉంది. పొలిమేర బయట ప్రాణం పోయిన మనిషిని ఊళ్లోకి తేకూడదు. ఇల్లు కళ్లెదుటే కనపడుతున్నా సరే, కల్వర్టు దగ్గరే దించి, అక్కడే నీళ్లు పోసి, అటునుంచి అటే శ్మశానానికి తీసుకుపోవాలి. కాదని తెస్తే ఊరికి అరిష్టమంటారు. దీన్ని అందరికంటే గట్టిగా పట్టుకున్నది మా అన్నే. కాన్పుకని పోయి ఆసుపత్రిలో చనిపోయిన ఒక పిల్లను, వాళ్లమ్మ "ఒక్కసారి వాకిట్లో పండబెట్టనీ సామీ" అని కాళ్లు పట్టుకున్నా ఆయన కరగలేదు. ఆ రోజు ఇంటికొచ్చి అన్నం ముట్టలేదు గానీ, మాట మార్చలేదు.

మొన్నటి చలికాలంలో అన్నకు ఊపిరి అందకుండా పోయింది. వదినా నేనూ టౌను ఆసుపత్రిలో చేర్చాం. చేరింది మొదలు ఒకటే పోరు.

"ఈడొద్దు. నన్ను ఇంటికి తీసకపోండి. ఈడ పోతే వంకకాడనే దించేస్తారు నన్ను."

రేపు పంపిస్తామన్నారు డాక్టర్లు. ఆ రేపు తెల్లవారకముందే అన్న పోయాడు.

వదిన ఏడవలేదు. నా చెయ్యి పట్టుకుని, "పాపా, ఆయన్ని ఇంటికి తీసకపోవల్ల. మన వాకిట్లోనే నీళ్లు పోయల్ల. నాకింకేం వద్దు" అంది. సరే వదినా అన్నాను. ఏ ధైర్యంతో అన్నానో దేవుడికే తెలియాలి.

కల్వర్టు దగ్గర ఇప్పుడు ఒక సెల్‌ఫోన్ల అంగడి, ఒక పకోడీ బండి ఉన్నాయి. రోడ్డు వెడల్పు చేశాక అక్కడ వంక ఉందని కొత్తవాళ్లకు తెలియదు. కానీ మా చిన్నాయన, ఇంకో నలుగురు పెద్దలు సరిగ్గా అక్కడే నిలబడి ఉన్నారు. అన్నను తెస్తున్న వ్యాను ఆగింది. నేను దిగాను.

"ఏం జేస్తాం పాపా, ఈడనే దించండి. షామియానా ఏపిస్తాం" అన్నాడు చిన్నాయన.

బతిమాలాను. వదిన కోసమైనా ఒప్పుకోమన్నాను.

"నీకు తెల్దా? వాడే ఎంతమందిని ఆపినాడు ఈడ. వాడికొక న్యాయం, ఊరికొక న్యాయమా?"

వెనక తలుపు తెరిచిన వ్యానులో వదిన, అన్న తల తన ఒళ్లో పెట్టుకుని నన్నే చూస్తోంది. అప్పుడొచ్చింది నా నోట్లోంచి, ఎక్కడ దాక్కుని ఉందో ఆ మాట.

"అన్న యాడ పోయినాడు చిన్నాయనా?"

"టౌన్లో."

"మనమిప్పుడు ఉండేది యాడ? టౌన్లోనే గదా? ఇంగ పొలిమేర యాడుండాది? మా అన్న ఊరు దాటి బయటికే పోలా!"

చిన్నాయన ముఖం మాడిపోయింది.

"అట్లయితే ఊరు లేదని నీ నోటితో చెప్పు, వాడి ముందరే చెప్పు. నేను పక్కకు జరుగుతా" అన్నాడు. అందులో ఎగతాళి లేదు. ఆయన కళ్లు తడిగా ఉన్నాయి.

వ్యాను వైపు చూడలేకపోయాను. పకోడీ బండి వైపు తిరిగి, అందరికీ వినపడేట్టు అరిచాను.

"మన ఊరు లేదు. టౌన్లో కలిసిపోయింది. మనకు ఊరే లేదు!"

చిన్నాయన తువ్వాలు ముఖానికి అడ్డం పెట్టుకుని పక్కకు జరిగాడు. వ్యాను ఊళ్లోకి వచ్చింది.

అన్నకు వాకిట్లోనే నీళ్లు పోశాం. చుట్టుపక్కల వాళ్లంతా వచ్చారు. ఆనాడు కాళ్లు పట్టుకున్న ఆ పిల్ల తల్లి వీధి మొదట్లో నిలబడి కాసేపు చూసి వెళ్లిపోయింది. ఆమెను పిలవడానికి నాకు నోరు రాలేదు.

అన్నీ ముగిసి, జనం పలచబడ్డాక, వదినా నేనూ వసారాలో కూర్చున్నాం. అప్పటిదాకా ఆపుకున్న ఏడుపు నాకు ఒక్కసారిగా తన్నుకొచ్చింది.

"ఏ మాట ఇనగూడదని బతికినన్నాళ్లూ కొట్లాడినాడో, ఆ మాటే నేను అన్న ముందర అంటి గదా వదినా."

వదిన నా తల దగ్గరికి తీసుకుంది.

"నువ్వు అంటాంటే నేను ఆయన చెవులు రెండూ గట్టిగా మూసినాలే పాపా. మీ అన్నకు ఇనపడలా."