తుడిస్తే పోయిన పుట్టుమచ్చ

సొంత మొహాన్ని దొంగతనంగా దిద్దుకుని, దానికే పట్టుబడిన మనిషిని మీరెప్పుడైనా చూశారా? చూసి ఉండరు. ఆ మహానుభావుణ్ణి నేనే. ఈ కథ పూర్తయ్యేసరికి మీరు నన్ను వట్టి వెధవాయి అనుకుంటారు. అనుకోండి, నాకేం బాధ లేదు. ఆ మాట నేను ఏనాడో అనేసుకున్నాను.

అరవైల నడుమ సంగతి. మా తాత పల్నాడులో వానల్లేక రంగూను పోయాడు. నాన్న అక్కడే పుట్టాడు. అమ్మను మాత్రం బొల్లాపల్లి నుంచి చేసుకుని తీసుకెళ్లారు. నేను రంగూనులోనే పుట్టి, అక్కడే పంతులు పరీక్ష ప్యాసై, అక్కడి తెలుగు బళ్లో రెండేళ్లు పాఠాలు చెప్పాను. నాన్న పోయిన కొన్నాళ్లకు మనవాళ్లను పొమ్మనలేక పొగబెట్టే రోజులొచ్చాయి. అమ్మనూ ఇద్దరు చెల్లెళ్లనూ వెంటబెట్టుకుని ఓడెక్కాను. ఓడ దిగి, రైలు దిగి, బస్సు దిగి, చివరికి బొల్లాపల్లిలో మేనమామ ఇంట్లో తేలాం.

మామయ్య దేవుడి లాంటి మనిషి. కానీ వానొస్తే పండి, రాకపోతే ఎండే మెట్టచేను మీద బతికే ఇల్లు. అందులోకి నలుగురం అదనంగా వచ్చిపడ్డాం. ఒకరోజు అన్నాల దగ్గర మా చిన్నచెల్లెలు "చాలత్తయ్యా, కడుపు నిండింది" అంటూ మూడో ముద్దకే చెయ్యి కడిగేసుకుంది. రంగూనులో ఆ పిల్ల గిన్నె ఊడ్చేది. ఆ రోజు నాకు ముద్ద దిగలేదు. ఎలాగైనా బడి తెరిచే లోపు ఉద్యోగం సంపాదించాలనుకున్నాను.

ఉద్యోగం అంటే మాటలా? బర్మా సర్టిఫికెట్టు ఇక్కడ ఊరికే చెల్లదు. నర్సరావుపేటలో బళ్ల ఇన్‌స్పెక్టరు గారు దాన్ని చూసి, మనిషిని చూసి, రిజిస్టరులో ఎక్కించాలి. అప్పుడే నేను పంతుల్ని. ఎక్కించే గడువు మర్నాటితో ఆఖరు. సాయంత్రం బస్సుకి జాబితా గుంటూరు పోతుంది. ఇవన్నీ మామయ్యే కనుక్కొచ్చాడు. కనుక్కొచ్చి ఊరుకున్నాడా?

"ఒరేయ్ అల్లుడా, ఆ ఆఫీసరు చానా గట్టోడంటరా. బర్మా నుంచొచ్చినోళ్లలో కొందరు దొంగ కాగితాలు తెస్తన్నారని, ఒక్కొక్కడి పుట్టుమచ్చలు దగ్గరుండి చూస్తన్నాడంట. నీ కాగితంలో ఏం రాసుందో చూసుకున్నావా?"

నిజం చెప్పొద్దూ, నేనెప్పుడూ చూసుకోలేదు. ట్రంకుపెట్టె తెరిచి సర్టిఫికెట్టు తీశాను. అడుగున చిన్న అక్షరాల్లో ఉంది: ఎడమ చెంప మీద పుట్టుమచ్చ.

నా చెయ్యి దానంతటదే కుడిచెంప మీదికి పోయింది. నా పుట్టుమచ్చ, కందిగింజంత పుట్టుమచ్చ, నేను పుట్టినప్పటి నుంచీ కుడిచెంప మీదే కాపురముంటోంది. ఎన్నడూ ఇల్లు మారలేదు.

"మామయ్యా, మచ్చ తేడా వస్తే ఏమవుతుంది?"

"ఏమవుద్దా? ఇంకోడి సర్టిఫికెట్టు ఎత్తుకొచ్చావంటారు. పోలీసోళ్లకి పట్టిస్తారు. చేను తగాదాలో పన్నెండేళ్లు కోర్టు చుట్టూ తిరిగినోణ్ణి, నాకు తెల్దా? ఆఫీసోళ్లకి మనిషి కన్నా కాగితమే నిజం రా!"

చూడండి, ఇక్కడ బుద్ధున్నవాడైతే ఏం చేస్తాడు? వెళ్లి ఉన్నమాట చెబుతాడు. నేను పంతుల్ని కదా! తప్పు కనబడితే దిద్దే అలవాటు. కాగితం దిద్దితే జైలు. కాబట్టి మొహం దిద్దుదామనుకున్నాను.

పొద్దున్నే అద్దం ముందు కూర్చున్నాను. ఎడమచెంప మీద అమ్మ కాటుక భరిణెలోంచి కందిగింజంత మచ్చ పెట్టాను. అద్భుతంగా కుదిరింది. మరి కుడిచెంప మీది అసలు మచ్చ? దానికి మందు మా ట్రంకుపెట్టెలోనే ఉంది. బర్మాలో ఒక చెట్టుచెక్కను సానరాయి మీద అరగదీసి, ఆ పసుపురంగు గంధాన్ని ఆడా మగా ఎండకు మొహాన రాసుకుంటారు. బస్సు కండక్టరు నుంచి బడిపంతులు దాకా అందరి చెంపలూ పచ్చగానే ఉంటాయి. మేం బర్మాగంధం అనేవాళ్లం. అమ్మ బంగారం వదిలి వచ్చింది గానీ ఆ చెక్కా, ఆ రాయీ వదల్లేదు. ఆ గంధం కుడిచెంపకు దట్టంగా పట్టించాను. మచ్చ మాయం! ఒక చెంపే పచ్చగా ఉంటే బాగోదని మచ్చ చెరక్కుండా ఎడమచెంపకూ, నుదుటికీ, గడ్డానికీ కూడా పూశాను.

అమ్మ చూసి, "ఏందిరా, ఇయ్యాల ఇంత పూశావు?" అంది.

"ఎండమ్మా."

"మంచి పని చేశావు" అంది అమ్మ. పాతికేళ్లు బర్మాలో ఉన్న ఆమె కళ్లకు అందులో వింతేం కనబడలేదు. నాకూ కనబడలేదు. మామయ్య ఉంటే కనబడేదేమో, ఆయన తెల్లవారకముందే చేలోకి పోయాడు. మా ఖర్మ.

బస్సెక్కాను. ఎక్కీ ఎక్కగానే బస్సంతా నా వైపు తిరిగింది. ముందు సీట్లో ముసలమ్మ ఒకామె బుగ్గలు నొక్కుకుంది.

"ఏం నాయనా, పెళ్లికొడుకుని చేసినాక గడప దాటొచ్చా? ఒక్కడివే బస్సెక్కావా? ఇంట్లో పెద్దోళ్లు లేరా?"

అప్పుడు వెలిగింది నా బుర్రలో దీపం! పచ్చటి మొహం, చెంప మీద నల్లటి చుక్క, ఉతికిన తెల్లచొక్కా, పైగా పెళ్లిళ్ల రోజులు. బస్సులో ఉన్న నలభై మందికీ నేను నలుగు పెట్టించుకుని, దిష్టి తగలకుండా బుగ్గచుక్క పెట్టించుకున్న పెళ్లికొడుకుని.

కాదంటే? మరి ఆ చుక్కేందంటారు. పుట్టుమచ్చంటే దగ్గరికొచ్చి చూస్తారు. అందుకని నోరు మూసుకుని సిగ్గుపడ్డాను. పెళ్లికొడుకు సిగ్గుపడ్డాడని ముసలమ్మ మురిసిపోయి, కండక్టరు మీద విరుచుకుపడి, నన్ను కిటికీ పక్కన కూర్చోబెట్టించింది.

ఇక ఆఫీసు. గుమ్మంలో బంట్రోతు నన్ను చూసి లేచి నిలబడ్డాడు. లోపలున్న గుమాస్తాగారు కలం కింద పెట్టి, "ఓరి నీ దుంపదెగ! ముహూర్తం ఎప్పుడయ్యా?" అన్నారు.

"రా... రాత్రికండి."

అయ్యలారా, వెయ్యి అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. నేను పెళ్లినే అబద్ధమాడేశాను.

"రాత్రికి పెళ్లి పెట్టుకుని ఇప్పుడు ఆఫీసుకొచ్చావా! పిల్లది ఏ ఊరు?"

ఓడ దిగి మూడు నెలలైంది. నాకు తెలిసిన ఊళ్లే నాలుగు. వచ్చేటప్పుడు గుంటూరు బస్సు మీద చదివిన పేరొకటి నాలిక మీదికొచ్చింది.

"ఎడ్లపాడండి."

గుమాస్తాగారి మొహం చేటంత అయింది. "మా ఊరే! మా ఊరల్లుడివా! ఎవరింటి పిల్లయ్యా?"

గోరుచుట్టు మీద రోకటిపోటంటే ఇదే. "కొత్త కదండి... పేర్లు సరిగా..."

"మామగారి పేరు తెలవదా!"

"మా మామయ్యకు తెలుసండి."

"ఓరి అమాయకుడా! సర్లే, తూర్పుబజారా, పడమటి బజారా?"

"మధ్యలోనండి."

"మధ్యలో మా ఇల్లే గదా ఉండేది!"

ఆయన ఇంకా ఏదో అడగబోతుంటే లోపలి నుంచి గంట మోగింది. ఆ గంట కొట్టిన చేతులకు దణ్ణం పెట్టాలనిపించింది. గుమాస్తాగారు నా కాగితాలు అన్నిటికన్నా పైన పెట్టి, నన్ను చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకెళ్లారు. "సార్, పెళ్లికొడుకు. మా ఊరల్లుడు. పాపం రాత్రికే ముహూర్తం."

ఇన్‌స్పెక్టరుగారు నల్లగా, లావుగా, కళ్లజోడు ముక్కుచివరికి జార్చుకుని కూర్చున్నారు. గట్టివాడన్నారే గాని నన్ను చూసి కరిగిపోయారు. కుర్చీ వేయించారు. బంట్రోతు చేత మజ్జిగ ఇప్పించారు. అది రోహిణికార్తె. రోళ్లు పగిలే ఎండల్లో కాటుక నిలుస్తుందా? నాకు చెంప మీద చల్లగా ఏదో జారుతున్నట్టు అనిపిస్తోంది. తుడుచుకుంటే మచ్చ పోతుంది. తుడుచుకోకపోతే మచ్చ నడుస్తుంది. మెడ ఎడంపక్కకు వాల్చకుండా రాయిలా కూర్చున్నాను.

ఆయన సర్టిఫికెట్టు చదివారు. రెండు ప్రశ్నలడిగారు. చెప్పాను. కలం తీసి సంతకం పెట్టబోయి ఆగారు.

"ఎడమ చెంప మీద పుట్టుమచ్చ. బాగుంది. కానీ మీ ఆడవాళ్లు సరిగ్గా దాని మీదే బుగ్గచుక్క పెట్టారే! తుడువయ్యా, కింద మచ్చ చూసి సంతకం పెట్టేస్తాను."

నేను చెంపకు చెయ్యి అడ్డం పెట్టుకున్నాను.

"పెళ్లికొడుకు చుక్క తుడిస్తే అశుభం కదండీ!"

"నిజమే సార్" అన్నారు గుమాస్తాగారు, మేనల్లుణ్ణి వెనకేసుకొచ్చినట్టు.

"అయితే పెళ్లి చేసుకునే రా నాయనా. కాకపోతే జాబితా ఇయ్యాల సాయంత్రమే పోతుంది. మళ్లీ వచ్చే ఏడాదే."

వచ్చే ఏడాది! మూడో ముద్దకే చెయ్యి కడుక్కున్న చెల్లెలు కళ్ల ముందు కనబడింది. కళ్లు మూసుకుని జేబురుమాలుతో తుడిచాను. తెరిచి చూస్తే ముగ్గురూ నా చెంప వైపే చూస్తున్నారు.

"మచ్చేదయ్యా?"

"ఉండాలండీ..."

"ఉండాలండీ ఏంది! నీ మొహమే గదా అది?"

ఇన్‌స్పెక్టరుగారు కళ్లజోడు పైకి తోసుకున్నారు. "బంట్రోతూ, కుండతో నీళ్లు పట్రా. ఈ మొహం కడిగించు."

పెరట్లో నిలబెట్టి కడిగించారు. ఒక చెంబు, రెండు చెంబులు. పసుపురంగు నీళ్లు కారిపోతున్నాయి. హఠాత్తుగా బంట్రోతు చెంబు వదిలేసి కేకపెట్టాడు. "సార్! సార్! మచ్చ ఈ పక్కకొచ్చింది సార్!"

ఇన్‌స్పెక్టరుగారు వచ్చి నా కుడిచెంప మీద వేలితో గట్టిగా రుద్దారు. మచ్చ కదల్లేదు. మళ్లీ రుద్దారు. అప్పుడు నా మొహంలోకి చూశారు. నేను ఏడ్చేశాను. ఏడుస్తూనే అంతా చెప్పేశాను. ఓడ, ట్రంకుపెట్టె, మామయ్య కోర్టు, కాటుక, చివరికి చెల్లెలి మూడో ముద్ద కూడా.

ఆయన నన్ను లోపలికి తీసుకెళ్లి నాలుగు కాగితాల కట్టలు తీసి బల్ల మీద పడేశారు.

"చూడు. ఇతనిదీ ఎడమే, ఉన్నది కుడి. ఇతనిదీ అంతే. బర్మాలో రాసే గుమాస్తా ఎదురుగా కూర్చుని తన ఎడమచేతి వైపున్నది ఎడమ అని రాసేస్తాడు. మూడో వంతు కాగితాలు ఇంతే. నేను కొట్టేసి, దిద్ది, పక్కన సంతకం పెడతాను. మచ్చ ఉందా లేదా, అంతే గదా కావాల్సింది. నువ్వు ఉన్న మొహంతో వస్తే పది నిమిషాల పని!"

ఉన్న నిజాన్ని పూసి కప్పి, లేని అబద్ధాన్ని దిద్ది తెచ్చాను. కందకు లేని దురద కత్తిపీటకెందుకంటారు. ఆ దురదంతా నాదే.

"మరి పెళ్లి?" అన్నారు గుమాస్తాగారు, ఇంకా ఆశ చావక.

"లేదండి."

"మా ఊరి పిల్ల?"

"లేదండి."

"ఎంత అన్యాయం! మా ఊరి పేరు చెప్పి మజ్జిగ తాగాడు సార్!"

ఇన్‌స్పెక్టరుగారి పొట్ట కదలడం మొదలైంది. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకున్నారు. అప్పుడు ఎర్రసిరా కలం తీశారు. నా పని అయిపోయిందనుకున్నాను. ఇంగ్లీషులో ఆయన రిజిస్టరులో ఎక్కించిన దాని తెలుగు తాత్పర్యం ఇది: "కుడి చెంపపై పుట్టుమచ్చ కలదు. ముఖము కడిగించి, రుద్ది, నిజమని నిర్ధారించడమైనది."

"ఇక నువ్వు పంతులివి. ఒక బళ్లో ఖాళీ ఉంది, అక్కడికే నీ పేరు రాస్తున్నా" అన్నారు. "ఎడ్లపాడు. ఎటూ ఆ ఊరల్లుడివే గదా!"

నేను చేరకముందే గుమాస్తాగారు ఊరికి వెళ్లొచ్చారు. మొదటిరోజు బళ్లో కాలు పెట్టానో లేదో, హెడ్మాస్టరుగారు నా కాగితం చదివి, ఎంతో మర్యాదగా, "రండి అల్లుడుగారూ! కుండ అక్కడుంది. ముందు మొహం కడుక్కుని వచ్చి సంతకం చెయ్యండి" అన్నారు. జీతం అందిన నెల చెల్లెలు మా ఇంట్లో గిన్నె ఊడ్చి తింది. ఆ చప్పుడు విన్నాక ఊరంతా అల్లుడంటే మాత్రం ఏమైంది, ఆ పిలుపుకే పలికాను.

అందుచేత, కోటప్పకొండ మీది త్రికోటేశ్వరస్వామి సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. బ్రహ్మ నా మొహం మీద పెట్టిన చుక్కను కప్పను, పెట్టని చుక్కను పెట్టను. ఈ మాట ఎంత గట్టిగా నిలబెట్టుకున్నానంటే, నా నిజం పెళ్లిలో ముత్తయిదువలు కాటుక పట్టుకుని వస్తే పీట మీద నుంచి లేచి పరిగెత్తాను.

పిల్లది ఏ ఊరని మాత్రం అడక్కండి. ఆ ఊరి పేరు ఒకసారి నోరు జారి చెప్పిన ఫలితమే, ఇప్పుడు వంటింట్లోంచి నన్ను పిలుస్తోంది.