సైన్యం మాస్కులూ శనివారం నిమ్మకాయా

సంగారెడ్డి ప్రత్యేక జిల్లాగా ఏర్పడిన మరుసటి సంవత్సరం వేసవిలో నన్ను జిల్లా సాయుధ రిజర్వు కేంద్రానికి రిజర్వ్ ఇన్‌స్పెక్టరుగా వేశారు. పోలీసు శాఖ బయటివాళ్లకు ఈ హోదా సరిగా తెలియదు. ఠాణాలో కేసులు పరిశోధించే ఇన్‌స్పెక్టరు వేరు, మేము వేరు. ఆయన దగ్గర దొంగలుంటారు, మా దగ్గర సామాను ఉంటుంది. తుపాకులు, లాఠీలు, బాష్పవాయు గోళాలు, బండ్లు, గుడారాలు, చివరికి కవాతు మైదానం చుట్టూ వేసే తాళ్లూ మా అధీనమే. దొంగ తప్పించుకుంటే ఆయన దొంగను వెతుకుతాడు. సామాను కనిపించకపోతే శాఖ మమ్మల్ని వెతుకుతుంది.

పాత జిల్లా మూడు ముక్కలయ్యింది కాబట్టి ఆస్తుల పంపకం ఇంకా తెగలేదు. మంచి బండ్లు ఎవరికి, నడవనివి ఎవరికి అన్న వాదనలో నేను ప్రతిరోజూ గెలిచేవాణ్ణి, సాయంత్రానికి నడవనివే మా షెడ్డులో ఉండేవి. ఆ సమయంలోనే హైదరాబాదు నుంచి ఒక లేఖ వచ్చింది. ఒక సైనిక డిపోలో మిగులుగా తేల్చిన గ్యాస్ మాస్కులు ఉన్నాయనీ, రసాయన కర్మాగారాలున్న జిల్లాలు కోరుకోవచ్చుననీ దాని సారాంశం. పటాన్‌చెరు, బొల్లారం, గడ్డపోతారం మా పరిధిలో ఉండగా ఇంకెవరు కోరుకోవాలి? అదే రోజు ఇండెంట్ పెట్టాను. ఇండెంట్ అంటే ఫలానా వస్తువు మాకు కావాలని రాతపూర్వకంగా అడగడం.

ఈ మిగులు సామాను వ్యవహారం ఎలా నడుస్తుందో చెప్పాలి. సైన్యం తనకు అక్కరలేనిదాన్ని మిగులు అని ప్రకటిస్తుంది. మా పై కార్యాలయం జిల్లాలవారీగా కేటాయిస్తుంది. మా బండి డిపోకు వెళ్లి, వోచరు మీద సంతకం పెట్టి సరుకు తెస్తుంది. ఇక్కడ ముగ్గురు అధికారుల బోర్డు కూర్చుని, పెట్టెలు తెరిచి, వోచరుతో పోల్చి, సరిపోయిందని రాస్తుంది. అక్కడితో ఆ వస్తువు మా 'చార్జీ'లోకి వచ్చినట్టు. ఒకసారి చార్జీలోకి వచ్చింది విరిగినా, తుప్పుపట్టినా, ఎలుకలు కొరికినా చార్జీలోనే ఉంటుంది. దాన్ని తీసేయాలంటే కండెమ్నేషన్ బోర్డు అనే మరో బోర్డు కూర్చుని, ఇది ఇక పనికిరాదని తీర్మానించాలి. ఆత్మకు నాశనం లేదన్న సిద్ధాంతాన్ని నేను చిన్ననాటి నుంచీ సభల్లో ఖండించినవాణ్ణి. స్టాకు రిజిస్టరు చేతికొచ్చాక ఆ విషయంలో గొంతు కాస్త తగ్గించాను.

సభల మాట ఎలాగూ వచ్చింది. నేను హేతువాదిని. కాలేజీలో మొదలైన ఈ వ్యసనం ఖాకీ వేసుకున్నా వదల్లేదు. బ్యారక్‌లో దిష్టిబొమ్మ కనిపిస్తే ఉపన్యాసం, బండి ముందు నిమ్మకాయ కనిపిస్తే ఉపన్యాసం. ఒకసారి గస్తీ బండికి వేలాడుతున్న నిమ్మకాయను అందరి ముందూ తెంపి, నీళ్లలో పిండి, చక్కెర వేసుకుని తాగాను. మర్నాడు కవాతుకు రాలేకపోయాను. బంపరు మీది దుమ్మూ డీజిల్ పొగా కలిసి కడుపు చెడిందని నేను, నిమ్మకాయే చెడగొట్టిందని సిబ్బంది. ఆలోచిస్తే ఇద్దరి వాదనలోనూ నిమ్మకాయే దోషి. కానీ అప్పట్లో నేను అంత దూరం ఆలోచించేవాణ్ణి కాదు.

మాస్కుల పెట్టెలు వచ్చాయి. బోర్డుకు నేనే అధ్యక్షుణ్ణి. మూత ఎత్తగానే ఆకుపచ్చ సంచులు, నల్లటి రబ్బరు ముఖాలు, మందపాటి గాజు కళ్లు, పక్కన మర బిగించే వడపోత డబ్బాలు. ప్రతి డబ్బా మీదా సైనిక తనిఖీ ముద్ర. ఆ ముద్ర చూసి నాకు కలిగిన భావాన్ని మరొకరిలో చూసి ఉంటే భక్తి అనేవాణ్ణి. వోచరులో 'పనికివచ్చే స్థితి' అని ఉంది. మేము లెక్కపెట్టాం, సరిపోయింది. 'సరిపోయింది, పనికివచ్చే స్థితిలో ఉంది' అని రాసి సంతకం చేశాను. ఈ రెండు ముక్కల్లో మొదటిదానికే మా దగ్గర ఆధారం ఉందని ఆ పూట తోచలేదు.

అంతటితో ఆగినా బాగుండేది. ఉత్సాహంలో ఎస్పీగారి సంతకానికి ఒక స్థాయీ ఉత్తర్వు కూడా తయారుచేశాను. కర్మాగారంలో విషవాయువు లీకైతే, మొదట చేరుకున్న గస్తీ సిబ్బంది ఈ మాస్కులు ధరించి లోపలికి వెళ్లి, కార్మికులను బయటికి తీసుకురావాలి. చదవడానికి ఎంతో వీరోచితంగా ఉంది. ఎస్పీగారు సంతకం చేశారు, కలెక్టరుగారికీ చెప్పారు. దీపావళి దాటాక ఒక కర్మాగారంలో మాక్ డ్రిల్ అనుకున్నారు.

మధ్యలో దసరా వచ్చింది. ఆయుధపూజ నాడు తుపాకులకు పసుపు కుంకుమలు, టైర్ల కింద నిమ్మకాయలు, గుమ్మడికాయ. శాఖలో ఎప్పటినుంచో ఉన్న ఆచారం, ఆపడం నా వల్ల కాదు. మాస్కుల పెట్టెల దగ్గర మాత్రం నిలబడి, వీటి జోలికి రావద్దని అడ్డుకున్నాను. ఆయుధాగారం చూసే హెడ్ కానిస్టేబుల్ సత్తార్ పూజకు ఏర్పాట్లన్నీ తనే చేసి, పక్కన నిలబడి నవ్వుతున్నాడు.

"పెట్టెలు మీయి, పండుగ వాళ్లది. నడుమ నాకేం పరేషాన్ సార్?" అన్నాడు.

పండుగ తర్వాతి శుక్రవారం, కవాతు అయ్యాక, మాస్కులు ఇవ్వడానికి ఠాణాలవాళ్లను పిలిచాను. గడ్డపోతారం వైపు గస్తీ బండి నడిపే కానిస్టేబుల్ స్వరూప వచ్చింది. రుద్రారం దగ్గర రైతు కుటుంబం అమ్మాయి, జిల్లాలో పోలీసు బండి నడిపే కొద్దిమంది ఆడవాళ్లలో ఒకరు. లీకైతే మొదట చేరేది ఆ బండే. అంటే నా ఉత్తర్వు ప్రకారం మొదట లోపలికి వెళ్లాల్సిన మనిషి ఆమే. ఆమె బండి ముందు నల్లదారానికి నిమ్మకాయ, పచ్చిమిరపకాయలు వేలాడుతున్నాయి. మైదానమంతా మనుషులు. నాకు ఇంతకన్నా మంచి సభ ఎక్కడ దొరుకుతుంది?

"ఏమ్మా స్వరూపా, గ్యాసు లీకైతే గా నిమ్మకాయ ఆపుతదా?" అని అడిగాను.

"ఆపది సార్."

"మరి ఎందుకు కట్టినవ్?"

"మా అమ్మ కట్టమన్నది."

అందరూ నవ్వారు. నేను ఒక మాస్కు ఎత్తి చూపించాను. ఇది విజ్ఞానం, అది మూఢత్వం అని వివరించాను. సైన్యం పరీక్షించిన వస్తువు అన్నాను. యుద్ధాల గురించి కూడా కొంత చెప్పినట్టు గుర్తు. ఆమె ఓపిగ్గా విని, మాస్కు చేతిలోకి తీసుకుని, డబ్బాను అటూ ఇటూ తిప్పింది.

"సార్, తప్పైతే ఏమనుకోకుండ్రి. నిమ్మకాయ నేను శనివారం శనివారం మారుస్త. మీ డబ్బా ఎప్పుడు మార్చిన్రు?"

ఈసారి నవ్వు ఇంకా పెద్దగా వచ్చింది. నవ్వింది నిమ్మకాయను చూసి కాదు.

"సైన్యం వస్తువమ్మా, ఊరికే చెడిపోదు," అన్నాను. అన్న వెంటనే ఆ మాట నాకే వింతగా వినిపించింది. ఇలాంటి వాక్యాన్ని నేను విభూతి గురించి విన్నాను, తాయెత్తు గురించి విన్నాను.

"చెడిపోలేదని మీరంటున్నరు. లోపటికి పోయేది నేను గద సార్? ఇంట్ల చిన్నపిల్ల ఉన్నది నాకు. జెర చూపెట్టుండ్రి, గప్పుడు తీస్కపోత."

అడిగింది న్యాయం. నేనైతే ఏ బాబానైనా ఇదే అడిగేవాణ్ణి. వెంటనే పరీక్ష ప్రకటించాను. పద్ధతి తెలిసిందే. మూసిన గదిలో బాష్పవాయువు వదిలి, మాస్కు వేసుకున్న మనిషి లోపల నిలబడాలి. కన్ను మండకపోతే మాస్కు మంచిది. మైదానం చివర ఖాళీగా ఉన్న పాత సామాన్ల గది తీయించాను. శిక్షణ కోసం పక్కన పెట్టిన, గడువు దాటిన ఒక గోళాన్ని సత్తార్ తెచ్చాడు.

"ఇది పాతది సార్. పేలకపోవచ్చు," అన్నాడు. ఆ మాటకు నాకు కలిగిన చిన్న ఊరటను అప్పుడు గమనించలేదు. తర్వాత చాలాసార్లు గమనించాను.

అది నిక్షేపంగా పేలింది. గది తెల్లగా నిండింది. నేను మాస్కు బిగించుకుని, జనానికి చెయ్యి ఊపి, లోపలికి నడిచాను. గోడ దాకా వెళ్లి తిరిగి రావాలనుకున్నాను. సగం దారిలోనే కళ్లలో కారం కొట్టినట్టయింది, గొంతు మూసుకుపోయింది. బయటికి వచ్చిన తీరును నడక అనలేను. తలుపుకు బదులు మొదట దాని పక్క గోడను చేరుకున్నానట. గడువు దాటిన గోళం పనిచేసింది, గడువు దాటిన మాస్కు పనిచేయలేదు.

సత్తార్ నీళ్లు పోస్తూ నా భుజం పట్టుకున్నాడు. "పూజ చెయ్యనియ్యకపోతిరి సార్. గందుకే అలిగినయ్."

అక్కడితో ఆపాల్సింది. కానీ ఒక్క నమూనాతో నిర్ణయానికి రాకూడదని నేనే ఎన్నో సభల్లో చెప్పాను. రెండో పెట్టెలోంచి మరో మాస్కు తెప్పించాను.

"వద్దు సార్, ఇగ నమ్మిన," అంది స్వరూప. ఏది నమ్మిందో చెప్పలేదు.

మళ్లీ వెళ్లాను. ఫలితం మారలేదు. ఈసారి తలుపు మాత్రం సరిగ్గా దొరికింది.

కళ్లు కడుక్కుని డబ్బాలను ఒక్కొక్కటిగా చూశాం. మాస్కు అంచుల రబ్బరు బిగుసుకుపోయి ముఖానికి అతకడం లేదు. డబ్బా అడుగున తేదీ ముద్రించే ఉంది. దాన్ని నేను బోర్డు నాడే చూశాను, అదేదో గౌరవ చిహ్నం అన్నట్టు చూసి వదిలేశాను. లోపలి బొగ్గు కొన్నేళ్లకు, ముఖ్యంగా చెమ్మ తగిలితే, పనిచేయడం మానేస్తుందని తర్వాత తెలుసుకున్నాను. పైగా అవి యుద్ధవాయువుల కోసం చేసినవి. కర్మాగారాల్లో వాడే అమ్మోనియాలాంటి వాటికి వేరే డబ్బా కావాలి. గాలిలో ఆక్సిజనే తక్కువైతే ఏ డబ్బా అయినా ఒకటే, వీపున గాలి సిలిండరు ఉన్నవాడే లోపలికి వెళ్లాలి. నా ఉత్తర్వు ప్రకారం స్వరూప ఈ మాస్కుతో వెళ్లాలి.

అదే వాలకంతో ఎస్పీగారి దగ్గరికి వెళ్లాను. ఎర్రబడ్డ కళ్లు, కారుతున్న ముక్కు చూసి ఆయన లేచి నిలబడ్డారు. ఇంట్లో ఎవరికేమైందని అడిగారు. ఏమీ కాలేదని, మాస్కులు పనికిరావని చెప్పాను. ఆయన కూర్చున్నారు. బోర్డు పత్రం తెప్పించుకుని, పనికివచ్చే స్థితి అని రాసింది ఎవరని అడిగారు. నేనేనని చెప్పాను. కలెక్టరుగారికి ఏం చెప్పమంటావని అడిగారు. మాక్ డ్రిల్‌లో ఈ మాస్కులు వాడాల్సిందే అయితే మొదట నన్నే పంపమని, ఇప్పటికే రెండుసార్లు సాధన చేశానని చెప్పాను. ఆయన నవ్వలేదు. కానీ ఉత్తర్వు వెనక్కి తీసుకున్నారు. కొత్త ఉత్తర్వు పొడిగా ఉంది. గాలి ఎటు వీస్తోందో చూసి, దానికి ఎదురు దిక్కున బండి ఆపాలి, రోడ్డు మూయాలి, జనాన్ని పక్కకు పంపాలి, సిలిండర్లున్న అగ్నిమాపక సిబ్బంది వచ్చేదాకా ఎవరూ గేటు దాటకూడదు. వీరోచితమైన ముక్క ఒక్కటీ లేదు.

చలికాలం ఒక సాయంత్రం గడ్డపోతారంలో ఒక మందుల కర్మాగారంలో నిజంగానే గ్యాస్ లీకయింది. మొదట చేరింది స్వరూప బండే. నేను వెళ్లేసరికి ఆమె బండిని రోడ్డుకు అడ్డం పెట్టి, బండిలో ఉన్న తన చున్నీని లాఠీ చివర కట్టి, గాలి ఎటు వీస్తోందో చూస్తూ, బీహారు నుంచి వచ్చిన కూలీలను పక్క దారి పట్టిస్తోంది.

"ఉధర్ నై భయ్యా, ఇధర్! జల్దీ! ఏయ్, సెల్ఫీ తర్వాత దిగుదువు, ముందుగాల నడువ్!"

సిలిండర్ల సిబ్బంది లోపలికి వెళ్లి ఇద్దరు కార్మికులను మోసుకొచ్చారు. ఇద్దరూ బతికారు. వాళ్లను తెచ్చిన గది చూశాక, మామూలు మాస్కుతో వెళ్లినవాడు తలుపు దాకా కూడా తిరిగి వచ్చేవాడు కాదని ఆ సిబ్బంది నాయకుడు చెప్పాడు. స్వరూప అది విని, నా వైపు చూసి, చున్నీ విప్పి భుజాన వేసుకుంది.

తర్వాత బండి బంపరు మీది నిమ్మకాయను నేను చూశానని ఆమె గమనించింది.

"ఇయ్యాల శుక్రవారం సార్. రేపు మారుస్త," అంది.

ఇక మాస్కులు. అవి చెడిపోయాయని తేలినా చార్జీలోనే ఉన్నాయి కదా. వాటిని వదిలించుకోవడం తెచ్చుకోవడం కన్నా కష్టం. కండెమ్నేషన్ బోర్డు కూర్చుంది. పనికివచ్చే స్థితిలో వచ్చినవి ఇంత త్వరగా ఎలా చెడ్డాయని అడిగింది. చెడే వచ్చాయని నేను, అయితే మంచివని ఎందుకు రాశావని బోర్డు. చివరికి నా వివరణ జతచేసి ఒప్పుకున్నారు. పాత మాస్కులు తుక్కు దుకాణంలో చేరి, ఏ కర్మాగారం కాంట్రాక్టరో వాటిని కూలీలకు తొడిగే ప్రమాదం ఉంది కాబట్టి ప్రతి పట్టీ కత్తిరించాలి, ప్రతి గాజూ పగలగొట్టాలి, డబ్బాలను ప్రమాదకర వ్యర్థాలు తీసుకునేవాళ్లకు అప్పగించాలి. బోర్డు ముందు నేనే కత్తెర పట్టుకున్నాను. ప్రతి పట్టీ తెగినప్పుడల్లా సత్తార్ పైకి లెక్క చెబుతున్నాడు. లెక్క ఈసారి కూడా సరిపోయింది.

ఆ ఘటన తర్వాత పదవీ విరమణ దాకా, లెక్క సరిపోయిందన్న దానికీ పనికివస్తుందన్న దానికీ వేర్వేరు సంతకాలు పెట్టాను. రెండోది పెట్టేముందు ఆ వస్తువును ఎవరు వాడతారో వాళ్ల చేతే, వాళ్ల ముందే, ముందుగా నా మీదే పరీక్ష చేయించేవాణ్ణి. ఆధారం అడగడం నాకు బాగా తెలుసనుకునేవాణ్ణి. ఎదుటివాడి నమ్మకానికి ఆధారం అడగడమే తెలుసు. మన పక్షం ముద్ర ఉన్న వస్తువుకు కూడా ఆధారం అడగడం వేరే విద్య.

బండికి నిమ్మకాయ ఇప్పటికీ కట్టను. వంటింట్లో గ్యాస్ గొట్టం మీద ఉన్న తేదీ మాత్రం చదువుతాను, దాటకముందే మారుస్తాను. స్వరూప నిమ్మకాయ మార్చినంత క్రమంగా కాకపోయినా.