రాగి గుల్లను మచ్చిక చేసిన రిబ్కమ్మ

1991లో లక్సెట్టిపేట దగ్గర ఓ చిన్న పరిశోధనశాల తెరిచారు. విత్తనాల మీదికి ఎలక్ట్రాన్లను వదిలి కొత్త వంగడాలు తీయాలన్నది ఆశయం. ఎలక్ట్రాన్లను పుట్టించే యంత్రం పేరు ఎలక్ట్రాన్ గన్. గన్ అన్న మాట విని పోలీసులు రెండుసార్లు వచ్చారు. చూస్తే చెంబంత రాగి గుల్ల. నిరాశగా టీ తాగి వెళ్లిపోయారు.

అక్కడ డైరెక్టర్ ఉపేందర్‌రావు, ఆయన కింద ముగ్గురు డాక్టరేట్లు. ఊడ్చడానికి రిబ్కమ్మ. అంతకుముందు ఆమె పదిహేనేళ్లు మిషన్ ఆసుపత్రిలో ఆపరేషన్ కత్తులు ఉడకబెట్టింది.

గుల్ల లోపల వేలిముద్ర పడినా, దారప్పోగు మిగిలినా ఇక అంతే, కరెంటు ఇవ్వగానే మెరుపులు కొడుతుంది. డాక్టరేట్లు మూడుసార్లు తుడిచారు, మూడుసార్లూ మెరిసింది. నాలుగోసారి ఒకాయన జేబురుమాలు తీశాడు. రిబ్కమ్మ చీపురు పక్కన పెట్టింది.

"ఉత్త చేతులతోని ముట్టుకుంటున్నరు సార్. మనిషి కడుపు కోసినంక గూడ గిట్లనే తుడుస్తరా?"

ఆ రోజు నుంచి గుల్ల కడిగే పని ఆమెదైంది. ఉద్యోగం మాత్రం ఊడ్చేదే.

కడిగాక లోపలి గాలి తోడేయాలి. తర్వాత గుల్లలోకి పంపే రేడియో తరంగాల శక్తిని కొద్దికొద్దిగా పెంచాలి. రాగిలో దాక్కున్న గాలి బయటికొస్తే, లోపల గాలెంతుందో చూపే గేజి ముల్లు లేస్తుంది. అది దిగేదాకా ఆగాలి. తొందరపడితే రాగి గోడ గుంటలు పడుతుంది. దీన్నే కండిషనింగ్ అన్నారు. రిబ్కమ్మ ముల్లు ముందు స్టూలేసుకుని కూర్చుంది.

తొమ్మిదో రోజు డైరెక్టర్ వచ్చాడు.

"ఎల్లుండి మంత్రిగారొస్తున్నరు. ఫుల్ పవర్ పెట్టున్రి."

"ముల్లింక దిగలే సార్. జర ఆగున్రి."

"నువ్వేం చదివినవ్ రిబ్కమ్మా?"

"ఏడో తరగతి సార్."

"నేను జర్మనీల చదివిన."

ఆయనే నాబ్ తిప్పాడు. జర్మనీ సంగతి రాగికి తెలియదు కాబోలు, టప్పుమని పేలింది. ముల్లు చివరికంటా పోయింది.

మంత్రి వచ్చాడు, రిబ్బన్ కత్తిరించాడు. ఎర్ర బల్బు వెలిగింది. అందరూ చప్పట్లు కొట్టారు. ఆ బల్బుకు గోడ మీది స్విచ్చుతో తప్ప దేనితోనూ సంబంధం లేదు.

రిబ్కమ్మ ఇంటికి పోయి ఏడ్చింది. "తొమ్మిది దినాలు గా ముల్లునే చూసుకుంట కూసున్న. ఒక్క నిమిషంల ఖరాబు చేసిండు."

భర్త అహరోను, "పరేషాన్ గాకు, గా పని ఇడిశిపెట్టు" అన్నాడు.

"ఇడిశిపెడితె దాన్నెవరు కడుగుతరు?"

వారం తర్వాత పైనుంచి ఉత్తరం వచ్చింది: ప్రారంభించారు సరే, ఎలక్ట్రాన్లెక్కడ? డైరెక్టర్ స్వయంగా రిబ్కమ్మ దగ్గరికొచ్చాడు. ఆమె ఒక్కటే చెప్పింది. "నేను చెప్పెదాంక నాబ్ ఎవ్వరు ముట్టొద్దు. మీరు గూడ."

గుల్ల విప్పారు, గుంటలు నునుపు చేశారు. ఆమె కడిగింది. మళ్లీ మొదటినుంచి ఇరవై ఆరు రోజులు. చివరికి, ఎలక్ట్రాన్లు తగిలితే వెలిగే తెర మీద బియ్యపు గింజంత పచ్చటి చుక్క కనిపించింది. రిబ్కమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని చాలాసేపు చూసింది. డైరెక్టర్ మాత్రం ముగ్గురు డాక్టరేట్ల భుజాలూ తట్టాడు.

నివేదికలో నలుగురి పేర్లున్నాయి. ఆఖరి వాక్యంలో పారిశుద్ధ్య సిబ్బందికి కృతజ్ఞతలు.

1994లో కొత్త గన్ వచ్చింది. రిబ్కమ్మ సెలవులో ఉంది. డైరెక్టర్ జీపు పంపాడు. ఆమె తలకు నూనె రాసుకుని, అన్నం తిని, జీపును గంటసేపు నిలబెట్టి అప్పుడు ఎక్కింది.