ఇంజనుకు సున్నపు చుక్క

డెబ్బైల మొదట్లో ఒక శీతాకాలపు మధ్యాహ్నం తెనాలి స్టేషన్లో రేపల్లె పాసింజరు కోసం కూర్చున్నాను. మాది అనంతపురం. డీజిలింజను తగిలించిన మెయిలొకటి ఇటు తలైనా తిప్పకుండా బాపట్ల వైపు వెళ్ళిపోయింది. తర్వాత మా బొగ్గింజను నింపాదిగా వచ్చి ఆగింది. తుక్కు కింద పోతుందనుకున్నదాన్ని బాగుచేసి, నల్లరంగు వేసి మళ్ళీ పంపారట.

చేపలమ్ముకుని ఇంటికి వెళుతున్న ఒక పెద్దావిడ ఖాళీ గంప దించింది. రొంటిన దోపిన ఆకువక్కల సంచిలోంచి సున్నం తీసి, ఇంజను మీద చెయ్యి పెట్టబోయింది. డ్రైవరు కసురుకుంటాడనుకున్నాను.

"అక్కడ కాలుద్ది పిన్నీ, ఇక్కడ పెట్టు" అని చోటు చూపించాడు.

పెట్టెలో ఆమె నా ఎదురుగానే కూర్చుంది.

"ఇంజనుకు కూడా దిష్టి తగులుతుందా అమ్మా?" అన్నాను.

"తగలదా బాబూ? చచ్చి బతికొచ్చింది. అందరి కళ్ళూ దాని మీదే."

"మరి తెల్లచుక్క పెట్టారే?"

"నల్లదానికి నల్లచుక్క పెడితే ఎవరి కంటికి ఆనుద్దండి?"

బండి కదిలింది. పొగ నీడ పండిన వరిచేల మీద మాతోపాటే జారుతూ వచ్చింది. జబ్బు నుంచి లేచిన మనిషి మెల్లగా ఇంటికి నడుస్తున్నట్టుంది ఇంజను ఊపిరి. ఆ ఊపులో నిద్రో మెలకువో తెలియకుండానే రేపల్లె వచ్చేసింది.

దిగాక చెంప మీద బొగ్గు నుసి తగిలి, రుమాలు తీశాను. ఆమె గంప ఎత్తుకుంటూ ఆగింది.

"ఉండనివ్వండి బాబూ. ఊరుగాని ఊరొచ్చారు. మీకు ఆ ఇంజనే పెట్టింది చుక్క."

రుమాలు మళ్ళీ జేబులో పెట్టుకున్నాను.