వెలగని ఆకుపచ్చ లైటు

కొండపల్లి నుంచి రోజూ బస్సులో ఇబ్రహీంపట్నం వచ్చి, అక్కడి ఆర్మీ కోచింగ్ సెంటర్లో పాఠాలు చెప్పే వెంకటప్పయ్యకు యాభై తొమ్మిదేళ్లు. ఎడమ మోకాలు సరిగా వంగదు. పద్దెనిమిదేళ్లు పారాట్రూపరుగా విమానాల్లోంచి దూకినవాడు. ఇంట్లో దుప్పట్లు సైతం పారాషూటులాగే, ప్రతి మడతనూ అరచేత్తో నొక్కుతూ మడతపెడతాడు. భార్య మాణిక్యమ్మ నవ్వి ఊరుకుంటుంది. గన్నవరంలో లేచిన విమానం పైనుంచి వెళితే, చప్పుడు పూర్తిగా అణిగేదాకా పాఠం ఆపేస్తాడు.

మొన్న, ఆఫీసరు ఇంటర్వ్యూకి తయారవుతున్న శాంభవి అడిగింది. "సార్, ఇన్ని డ్రోన్లూ మిస్సైళ్లూ ఉన్నాయి కదండీ. వందమంది పారాట్రూపర్లతో విమానం శత్రువు మీదికి వెళ్లగలదా?"

వెంకటప్పయ్య సుద్దముక్కను వేళ్ల మధ్య తిప్పాడు.

"వెళ్లలేదమ్మా. ముందు వాళ్ల రాడార్ల నోరు మూయించాలి. లేదంటే తలుపు తియ్యకముందే కూల్చేస్తారు. ఒకవేళ దిగినా, మనవాళ్లు రోడ్డున వచ్చి కలిసేదాకా నిలబడాలి. ఇంటర్వ్యూలో ఇదే చెప్పు."

"మీరు యుద్ధంలో దూకారా సార్?"

"ఒక్కసారి ఎక్కించారు. తలుపు తీశారు, నేనే ముందు నిలబడ్డాను. ఆకుపచ్చ లైటు వెలిగితే దూకాలి. వెలగలేదు. వెనక్కి తెచ్చేశారు."

"పోన్లెండి సార్, మంచిదే కదా. అందరూ బతికారు."

"మంచిదేనమ్మా," అన్నాడు.

సుద్దముక్క బల్ల మీద పెట్టి గుమ్మం దగ్గరికి నడిచాడు. రెండు చేతులతో ద్వారబంధం పట్టుకుని, బూటు ముందుభాగం గడప దాటించి, బయటి ఎండలోకి చూస్తూ నిలబడ్డాడు. గంట కొట్టారు. పిల్లలు పుస్తకాలు సర్దుకుని ఆయన వెనక వరసగా నిలబడ్డారు. ఎవరూ తప్పుకోమనలేదు.